మనోడు కాబట్టే తిడతాడు

"ఈ దేశానికి ఒక పదేళ్ళు గట్టి నియంత కావాలండీ" అనే బెంగళూరు తెలుగువాళ్ళందరికీ,



ఈ మాట నేను సిల్క్‌బోర్డు దగ్గర కదలకుండా నిలబడిపోయిన క్యాబుల్లో విన్నాను. మారతహళ్ళి పీజీల్లో ఇడ్లీ ప్లేటు పట్టుకుని నిలబడినప్పుడు విన్నాను. ఆంధ్రా మీల్స్ హోటల్లో కందిపొడిలో నెయ్యి కలుపుకుంటూ పక్క బల్ల మీద విన్నాను. అందరికన్నా ఎక్కువసార్లు నా నోటే విన్నాను. కాబట్టి ఈ ఉత్తరంలో నేను మీకు ఎదురుగా నిలబడ్డానని అనుకోకండి, మీ వరసలోనే ఎక్కడో ఉన్నాను.

మీరు ఏ పార్టీ అన్నది నాకు అనవసరం. ఇప్పటి నాయకుడి పేరు ఒక్కటి కూడా ఇందులో రాయను. రాస్తే సగంమంది ఆ పేరు దగ్గరే ఆగి నన్ను తిట్టడం మొదలుపెడతారు. మిగతా సగం, ఎదుటివాడి గురించే కదా అని కాలు మీద కాలేసుకుని చదువుతారు. రెండూ దండగే.

ముందు ఒక మాట గురించి చెప్పాలి. చండశాసనుడు. అక్షరాలా చూస్తే భయపెట్టి ఏలేవాడు. మన వాడుకలో అది పొగడ్త. హెడ్మాస్టరు రిటైరయితే సన్మాన సభలో "ఆయన చండశాసనుడు" అని చెప్పి శాలువా కప్పుతాం. ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి అయిన 1983లోనే ఆ పేరుతో ఆయన సినిమా వచ్చింది. అదే "మెతక మనిషి" అంటే తిట్టు. పిల్లవాణ్ణి బళ్ళో వేస్తూ "కళ్ళు రెండూ వదిలేసి ఎక్కడన్నా కొట్టండి సార్, మేమేమీ అనం" అని అయ్యవారికి హామీ ఇచ్చే జాతి మనది. మా నాయన కూడా ఇచ్చాడు. అయ్యవారు ఆ హామీని ఒక్క రోజు కూడా వృథా పోనివ్వలేదు. ఇప్పటికీ మేం పాత విద్యార్థులం కలిస్తే ఆయన బెత్తం గురించే మురిసిపోతూ మాట్లాడుకుంటాం. మమ్మల్ని ఒక్క దెబ్బ కూడా వెయ్యకుండా లెక్కలు నేర్పిన ఇంకొకాయన ఉండేవాడు. ఆయన పేరు గుర్తు తెచ్చుకోవడానికి మొన్న ముగ్గురికి ఫోన్లు చెయ్యాల్సి వచ్చింది.

ఇక ఆఫీసు సంగతి. 2014లో నేను అవుటర్ రింగ్ రోడ్డు మీద ఒక కంపెనీలో పనిచేసేవాణ్ణి. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి రివ్యూ. మేనేజరు తెలుగాయనే. టీములో పద్నాలుగు మందిమి, అందులో ఆరుగురం తెలుగువాళ్ళం. మిగతావాళ్ళని ఆయన ఇంగ్లీషులో మందలించేవాడు, కొలిచి పోసినట్టు. మా దగ్గరికి వచ్చేసరికి తెలుగులోకి దిగేవాడు. "వారం నుంచీ గాడిదలు కాస్తున్నావా?" అనేది అందులో పత్రికలో రాయదగ్గది. ఒకసారి నా ల్యాప్‌టాప్ మూత ధడేల్న మూసేశాడు, నా వేళ్ళు ఇంకా కీబోర్డు మీదుండగానే. మధ్య వేలు గోరు నల్లబడి రెండు నెలలు అలాగే ఉంది.

రివ్యూ అయ్యాక కింద టీ బండి దగ్గర నిలబడి మేం ఆరుగురం అనుకునేది ఇదీ: "మనోడు కాబట్టే తిడతాడురా. వాళ్ళనైతే అననీ చూద్దాం, హెచ్చార్ దగ్గరికి పోతారు." అంటే, తిట్టు తినడం మాకు ఒక హోదా. అమ్మభాషలో తిట్టాడంటే ఇంటి మనిషిలా చూసుకుంటున్నాడని లెక్క. ఆ నల్లబడ్డ గోరు చూపించి మా ఆవిడతో నవ్వుతూ చెప్పాను కూడా. ఆమె నవ్వలేదు.

ఆయన పక్షాన చెప్పాల్సిందీ ఉంది. రేటింగులప్పుడు మా కోసం పైవాళ్ళతో పోట్లాడేవాడు. మా నాయనకు కంటి ఆపరేషన్ అయితే వారం సెలవిచ్చి, "పో, ఫోన్ ఎత్తకు" అన్నాడు. నోరు ఎంత చెడ్డదో చెయ్యి అంత మంచిది. అందుకే అతుక్కుపోయాం. ఎప్పుడూ కరిచే కుక్కకు దూరంగా పోతాం. ఒకసారి కరిచి ఒకసారి చెయ్యి నాకేదాని చుట్టూనే తిరుగుతుంటాం, ఈసారి నాకుతుందేమోనని. (అది స్టీవ్ జాబ్స్ జీవిత చరిత్ర ప్రతి మేనేజరు బల్ల మీదా ఉన్న కాలం. 2011లో వచ్చిన ఆ పుస్తకం చదివి మా ఊరి మేనేజర్లు నేర్చుకున్నదల్లా అరవడం. ఐఫోన్ మాత్రం ఎవరూ తయారు చెయ్యలేదు.)

రెండేళ్ళకు ఆయన వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. ఆ కుర్చీలోకి ఒక మైసూరావిడ వచ్చింది. మొదటి రివ్యూలోనే నావైపు తిరిగి, "ఈ తేదీ మీకు కుదురుతుందా? మీరేమంటారు?" అని అడిగింది. ఏసీ చప్పుడు తప్ప గదిలో ఏమీ వినపడలేదు. మూడో వారానికల్లా టీ బండి దగ్గర తీర్పు వచ్చేసింది: ఈమెకు గ్రిప్ లేదు. ఆ తీర్పు చెప్పినవాణ్ణి నేనే.

ఎందుకన్నానో తర్వాత చాలాకాలం ఆలోచించాను. తేదీ నేను చెబితే, అది తప్పిన రోజు తప్పు నాదవుతుంది. పాతాయన పెట్టిన తేదీ తప్పితే "కుదరని తేదీ పెట్టి చంపుతున్నాడు" అని ఆయన్ను తిట్టుకుని హాయిగా నిద్రపోయేవాణ్ణి. ఆయన కింద అవమానం ఎంతుందో సుఖం అంతుంది. ఎరిక్ ఫ్రామ్ అనే జర్మన్ మనస్తత్వవేత్త హిట్లర్ వచ్చాక అమెరికా వెళ్ళిపోయి 1941లో ఒక పుస్తకం రాశాడు. మనిషి స్వేచ్ఛ కోసం ఎంత కొట్టుకుంటాడో, అది చేతికొచ్చాక ఆ బరువు ఎవరి నెత్తినో పెట్టి తేలికపడాలని కూడా అంతే కొట్టుకుంటాడన్నది దాని సారం. నాకది "మీరేమంటారు?" అన్న ప్రశ్న దగ్గర దొరికింది.

మేనేజరు ముచ్చట్లకూ దేశానికి నియంత కావాలనడానికీ ఏం సంబంధం అంటారా? ఆనందరావు సర్కిల్‌కి రండి. ఊరికెళ్ళే బస్సుల కోసం మీలో చాలామంది అక్కడ నిలబడేవాళ్ళే. 2024 మే 13న ఓటు వెయ్యడానికి ముందు రాత్రులు అక్కడ బ్యాగులు పెట్టుకోవడానికి కూడా చోటు లేదు. బస్సు ఎలాగూ అరగంట ఆలస్యం. ఆ అరగంటలో శేషాద్రి రోడ్డు మీదికి నడిచి వెళ్తే ఫ్రీడమ్ పార్క్ వస్తుంది. 2008లో పార్కు అయింది గానీ అంతకుముందు అది బెంగళూరు సెంట్రల్ జైలు. కావలి బురుజు, కొన్ని బ్యారకులు అలాగే ఉంచారు. ఈ ఊళ్ళో ధర్నా చెయ్యాలంటే ఇప్పుడు రూలు ప్రకారం అక్కడే చెయ్యాలి. నినాదాలకు పాత జైలును కేటాయించాలన్న ఆలోచన ఎవరిదో గానీ, హాస్యం తెలిసిన మనిషే.

ఇందిరాగాంధీ ఎమర్జెన్సీ పెట్టిన రోజుల్లో, 1975 జూన్ 26న, ఒక పార్లమెంటరీ కమిటీ పని మీద ఈ ఊరొచ్చిన వాజపేయి, అద్వానీ, మధు దండవతేలను ఇక్కడే అరెస్టు చేసి ఆ జైల్లోనే పెట్టారు. వాళ్ళ కథ అందరికీ తెలుసు, తర్వాత మంత్రులయ్యారు, ప్రధానమంత్రీ అయ్యారు. నేను చెప్పదలచుకున్నది మన మనిషి గురించి.

తెలుగు సాహిత్యం చదువుకున్నవాళ్ళకు పఠాభి పేరు తెలుసు. తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి, నెల్లూరు మనిషి, 1939లో 'ఫిడేలు రాగాల డజన్' అచ్చు వేసి పద్యాల నడుములు విరగదంతానన్నవాడు. ఆయన తర్వాత సినిమాల్లోకి వెళ్ళి, బెంగళూరులో స్థిరపడి, యు.ఆర్. అనంతమూర్తి నవల 'సంస్కార'ను 1970లో కన్నడంలో సినిమాగా తీశాడు. దానికి జాతీయ ఉత్తమ చిత్రం బహుమతి వచ్చింది. అందులో చంద్రి వేషం వేసినావిడ ఆయన భార్య స్నేహలతా రెడ్డి. నాటకాల మనిషి, 'మద్రాస్ ప్లేయర్స్' బృందం పెట్టినవాళ్ళలో ఒకరు. సోషలిస్టు. సోషలిస్టు నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌కు స్నేహితురాలు.

1976 మే 2న ఆమెను అరెస్టు చేశారు. అజ్ఞాతంలో ఉన్న జార్జి ఎక్కడున్నాడో చెప్పమన్నారు. బరోడా డైనమైట్ కేసు అన్నారు. చివరికి వేసిన చార్జిషీటులో ఆమె పేరే లేదు. అయినా వదల్లేదు, విచారణ లేకుండా లోపల పెట్టే మీసా చట్టం కింద ఉంచేశారు. ఆమెకు చాలా ఏళ్ళుగా ఉబ్బసం. ఒంటరి గది, అందులోనే ఒక మూల మరుగుదొడ్డి పేరుతో ఒక కన్నం. రాత్రుళ్ళు నిశ్శబ్దంలో ఆమె కేకలు తనకు వినపడేవని అదే జైల్లో ఉన్న దండవతే తర్వాత రాశాడు. అలాంటి మనిషి జైల్లో ఉండి ఏం చేసింది? తోటి ఆడ ఖైదీలను కొడుతున్నారని అధికారులతో తగువు పెట్టుకుంది. డైరీ రాసుకుంది. ఒళ్ళు పూర్తిగా పాడయ్యాక 1977 జనవరి 15న పెరోల్ మీద ఇంటికి పంపారు. జనవరి 18న ఇందిరాగాంధీ ఎన్నికలు ప్రకటించింది. 20న స్నేహలత చనిపోయింది.

మార్చిలో పోలింగు. ఉత్తరప్రదేశ్‌లో 85 సీట్లుంటే కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు. బీహార్లో 54కు సున్నా. ఆ పట్టాభిరామిరెడ్డి పుట్టిన ఆంధ్రప్రదేశ్‌లో 42కు 41. ఆమె ఊపిరాడక అవస్థపడిన జైలున్న కర్ణాటకలో 28కి 26.

ఆంధ్రలో పోయిన ఆ ఒక్క సీటు మా నంద్యాల. నీలం సంజీవరెడ్డి జనతా తరఫున గెలిచాడు. ఈ మాట చెప్పుకుని కాలరెగరేసే అవకాశం కూడా నాకు లేదు, ఎందుకంటే మా నాయన కాంగ్రెస్ గుర్తు ఆవూదూడకే గుద్దాడు. ఇరవై అయిదేళ్ళ వయసప్పుడు. ఎందుకు వేశావు నాయనా అని నేను ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు: "ఆయమ్మ ఉన్నన్నాళ్ళూ తాసీల్దారు పదింటికల్లా కుర్చీలో ఉన్న్యాడు రా." పట్టా కాగితం కోసం రెండేళ్ళు తాలూకాఫీసు చుట్టూ తిరిగినవాడికి, ఎమర్జెన్సీ నెలల్లో ఒక్క పైసా ఇవ్వకుండా ఆ కాగితం చేతికొచ్చింది. అంతే.

దాన్ని బానిసత్వం అనడానికి నాకు మనసొప్పదు. బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఉత్తరాదిలో జరిగినంత ఘోరంగా ఇటు జరగలేదు. పేపర్లకు సెన్సారు, స్నేహలత సంగతి మా పల్లెకు ఎవరు చెబుతారు? ఇటు కర్ణాటకలో ముఖ్యమంత్రి దేవరాజ్ అర్స్ భూసంస్కరణలతో కౌలురైతుల చేతికి భూమి వచ్చింది. వెట్టిచాకిరి రద్దు చేస్తూ 1975లో ఆర్డినెన్సు వచ్చింది. పెట్టిన చేతిని చూసి ఓటేశారు, ఆ చెయ్యి ఇంకెవరి గొంతు మీద ఉందో కనపడలేదు.

కానీ 1978కి అన్నీ కనపడ్డాయి. ఎమర్జెన్సీ అకృత్యాల మీద షా కమిషన్ విచారణలు రోజూ పేపర్లలో వచ్చాయి. అయినా ఆ నవంబరులో చిక్కమగళూరు ఇందిరాగాంధీని 70 వేలకు పైగా మెజారిటీతో గెలిపించి పార్లమెంటుకు పంపింది. 1980లో మెదక్ గెలిపించింది. ఆ ఏడు ఆంధ్రలో మళ్ళీ 42కు 41, కర్ణాటకలో 28కి 27. 1977లో గద్దెనెక్కిన జనతావాళ్ళు తమలో తాము కొట్టుకుని ప్రభుత్వాన్ని కూల్చుకున్నారన్నదీ, ఉల్లిపాయల ధరన్నదీ నిజమే. ఆ రోజుల గురించి మా ఊరి పెద్దవాళ్ళను అడిగితే ఉల్లిపాయల మాట ఒక్కరూ ఎత్తరు. "వాళ్ళకు గ్రిప్ లేదు" అంటారు. మైసూరావిడ మీద నేను చెప్పిన తీర్పే, మాట కూడా మారలేదు.

మా నాయనకు పట్టా కాగితం ఉంది. మరి మనకేముంది? జీతం నెలాఖరుకు పడుతుంది, ఇంటి అప్పు కంతులు కట్టుకుంటున్నాం, తాసీల్దారు మొహం చూసి ఏళ్ళయింది. గట్టోడు వస్తే ఏం చెయ్యాలో మనం చెప్పే జాబితా ఒకసారి మీరే మళ్ళీ వినండి. రాంగ్ రూటులో వచ్చే ఆటోవాణ్ణి నాలుగు తన్నాలి. ఫుట్‌పాత్ మీద బండి పెట్టినవాణ్ణి ఎత్తిపారెయ్యాలి. లంచగొండిని నడిబజార్లో నిలబెట్టాలి. అవతలి పార్టీవాణ్ణి, ధైర్యముంటే అవతలి కులంవాణ్ణి కూడా, తోక కత్తిరించి మూల కూర్చోబెట్టాలి. ఆ జాబితాలో తన్నులు తినేవాడు ఒక్కసారి కూడా మనం కాదు. మనం ఎప్పుడూ లాఠీకి పిడివైపే ఉంటాం. మనకు కావాల్సింది క్రమశిక్షణ అయితే రాంగ్ రూటులో వచ్చిన మన స్కూటీకి చలానా రాసిన పోలీసును చూసి సంతోషించాలి గదా, మనవాడెవడన్నా ఉన్నాడా అని ఫోన్లెందుకు చేస్తాం?

ప్రెస్‌మీట్‌లో ఒక నాయకుడు ఎదుటివాడి తల్లినీ పెళ్ళాన్నీ తీసుకొచ్చి బూతులు మాట్లాడితే, ఆ క్లిప్పు పది నిమిషాల్లో మన ఆఫీసు తెలుగు గ్రూపులోకి వస్తుంది. కింద ఒకటే వ్యాఖ్య: "ఇచ్చిపడేశాడు." ఇచ్చింది ఏమిటి? రోడ్డా, నీళ్ళా, ఉద్యోగమా? మన కోపాన్ని మన తరఫున ఖర్చు పెట్టాడు, అంతే. మనం మేనేజరు ముందు నోరెత్తలేని శుక్రవారం సాయంత్రం పూట మన బదులు ఎవడో ఎవడినో తిట్టాడు. తొడ కొట్టే హీరోకి ఈల వేసి బయటికొచ్చి పార్కింగువాడికి "సార్ సార్" అన్నట్టే ఇదీ.

స్నేహలత దిక్కులేని మనిషి కాదు. చదువు, డబ్బు, పేరు, ఢిల్లీ దాకా తెలిసినవాళ్ళు, ఇంట్లో జాతీయ బహుమతి. మీకూ నాకూ ఉన్న రక్షణ కన్నా ఆమెకున్నది చాలా ఎక్కువ. అది ఎనిమిదిన్నర నెలలు ఒక ఇన్హేలరు పాటి కూడా పనికిరాలేదు.

మళ్ళీ ఆ రివ్యూ గదికి వెళ్ళాలి, ఒక సంగతి దాచిపెట్టాను. మా ఆరుగురిలో అనంతపురం నుంచి వచ్చిన టెస్టింగ్ అమ్మాయి ఒకతి ఉండేది. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ఒక శుక్రవారం ఆయన ఇంకొకణ్ణి ఏదో అంటుంటే, ఆ అమ్మాయి నోట్‌బుక్ మూసి, "సార్, ఆ మాట వద్దు సార్" అంది. గట్టిగా కూడా అనలేదు. ఆయన ఒక్క క్షణం తడబడ్డాడు. నిజంగా తడబడ్డాడు, నేను చూశాను. మా ఐదుగురిలో ఒక్కడు ఆ క్షణంలో "అవును సార్" అని ఉంటే ఆ గది వేరే గది అయ్యేది. మేం బల్ల వైపు చూశాం. ఒకడు నవ్వాడు. ఆయన తేరుకున్నాడు. తర్వాత టీ బండి దగ్గర నేనే ఆ అమ్మాయికి హితవు చెప్పాను, "నీకెందుకమ్మా, నిన్నేమీ అనలేదు గదా" అని. నాలుగు నెలలకు మానేసి వెళ్ళిపోయింది.

1961లో యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ మొదలుపెట్టిన ప్రయోగం గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. బూడిదరంగు ల్యాబుకోటు వేసుకున్నవాడు చెబితే మామూలు మనుషులు అవతలి గదిలోవాడికి కరెంటు షాకులు ఇస్తూ పోయారు, అది నటన అని తెలియకుండా. 40 మందిలో 26 మంది చివరి మీట దాకా వెళ్ళారు. ఈ అంకె అందరూ చెబుతారు. అదే ప్రయోగాన్ని ఆయన ఇంకో రకంగా కూడా చేశాడు. పక్కన ఇద్దరు మనుషులను కూర్చోబెట్టి, మధ్యలో వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు "మేం చెయ్యం" అని లేచిపోయేలా ఏర్పాటు చేశాడు. అప్పుడు 40 మందిలో చివరిదాకా వెళ్ళింది నలుగురే. మా గదిలో ఒక మనిషి లేచింది. రెండో మనిషి నేను కావాల్సింది.

కిందటి సంక్రాంతి తర్వాత మా నాయన బెంగళూరు వచ్చాడు. తిరుగు ప్రయాణం రోజు ఆనందరావు సర్కిల్‌లో బస్సుకు గంటన్నర టైముంటే ఫ్రీడమ్ పార్క్‌కి నడిపించుకుపోయాను. వేపచెట్టు కింద ఎవరో కాలేజీ పిల్లలు పాట ప్రాక్టీసు చేసుకుంటున్నారు. బ్యారకు ముందు నిలబడి స్నేహలత సంగతి మొత్తం చెప్పాను, తేదీలతో సహా. నాయన గోడ మీద చెయ్యి పెట్టి చూశాడు, వాకిలి ఎత్తు చూశాడు.

"గాలి యాడినుంచి వస్తాది దీంట్లోకి?" అన్నాడు.

నేనేమీ అనలేదు.

"ఎన్ని నెలలుండె అంటివి?"

"ఎనిమిదిన్నర."

బస్సెక్కించి, కిటికీ దగ్గర కూర్చోబెట్టి, నీళ్ళ సీసా చేతికిచ్చాను. హెబ్బాళ దాకా నేనూ వస్తానని పక్క సీట్లో కూర్చున్నాను. మేఖ్రి సర్కిల్ దాటేదాకా మాట్లాడలేదు. తర్వాత కిటికీలోకే చూస్తూ అన్నాడు:

"తాసీల్దారు మాత్రం పదింటికే వస్తుండె రా."

ఇట్లు,
మారతహళ్ళి నుంచి మీ తోటి ఉద్యోగి